ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు

సాయంత్రం ఎం.ఎం.టి.ఎస్. బండి దిగి చందానగర్ స్టేషను నుంచి ముంబై రహదారి మీదికి నడిచి వస్తుంటే, దారిలో ప్రతిరోజూ నాకొక ప్రకటన ఎదురవుతుంది. పొట్ట మీద ఆరు పలకలు తేలిన ఒక యువకుడి బొమ్మ, ఆ బొమ్మ కింద ‘30 రోజుల్లో కటింగ్ గ్యారంటీ’ అన్న అక్షరాలు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు పోయాను. ఇక ఊరుకోదలచుకోలేదు. ఎందుకంటే ఆ ప్రకటన ఈమధ్య గోడ దిగి మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

మా అక్కయ్య కొడుకు మా ఇంట్లోనే ఉంటాడు. వయసు 24. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో రాత్రి ఉద్యోగం. అమెరికావాడు మేలుకున్నంతసేపూ వీడూ మేలుకుని ఉండాలి. మూడేళ్ళుగా నిష్ఠగా బరువులెత్తుతున్నాడు. ఒక్కసారైనా దేహదారుఢ్య పోటీ వేదిక ఎక్కాలని వాడి కోరిక. తప్పేమీ లేదు. ఒకరోజు ఉదయం ఉద్యోగం నుంచి వచ్చి, “మావయ్యా, పోటీకి ఆరు వారాలే ఉంది. మాస్టరు చార్టు రాసిచ్చాడు, చూడు” అంటూ నాలుగు మడతల కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు.

చూశాను. ఉదయం ఆరు గుడ్ల తెల్లసొన. మధ్యాహ్నం ఉడకబెట్టిన కోడిమాంసం 150 గ్రాములు, కీర ముక్కలు. సాయంత్రం పాలూ చక్కెరా లేని కాఫీ. రాత్రి మళ్ళీ 150 గ్రాముల కోడిమాంసం, నాలుగు తెల్లసొనలు. అన్నం నిషిద్ధం, నూనె నిషిద్ధం, పప్పు నిషిద్ధం. ఎత్తే బరువులు సగానికి తగ్గించి, ఎత్తే సంఖ్య రెట్టింపు చేయాలి. ట్రెడ్‌మిల్లు మీద రోజుకు రెండు గంటల నడక. చివరి వారం ఉప్పు బందు, చివరి రోజు నీళ్ళు బందు. అన్నిటికన్నా అడుగున, మరో సిరాతో, ఒక ఇంజెక్షను పేరూ ఒక మాత్ర పేరూ.

ఆ కాగితం చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. 15 ఏళ్ళ కిందట అక్షరాలా అలాంటి కాగితమే నా చొక్కా జేబులో ఉండేది.

ఔను, ఈ గోలలో నేనూ ఒకప్పటి పాత్రధారినే. 78 కిలోల వాణ్ణి ఎనిమిది వారాల్లో 66 కిలోలకు దిగాను. చూసినవాళ్ళంతా ‘ఆహా, ఏం పట్టుదల!’ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. బరువు చూపే యంత్రం రోజూ ఒక శుభవార్త చెబుతుంటే ఎవరికి మాత్రం ఆనందం కాదు? ఎటొచ్చీ, అది చెప్పని వార్త ఒకటుంది. భుజాల మీద 100 కిలోలు పెట్టుకుని గుంజీలు తీసిన నేను ఎనిమిదో వారంలో 60 కిలోలకే మోకాళ్ళు వణికి కూలబడ్డాను. 15 అంగుళాల దండచేయి పదమూడున్నరకు దిగింది. ఏ నడుం కింది కొవ్వు కోసమైతే ఇంత తపస్సు చేశానో, ఆ కొవ్వు మాత్రం చుట్టం చూపుగా వచ్చి తిష్ఠ వేసినవాడిలా అక్కడే ఉంది. పోటీ రోజున నాలుక పిడచగట్టుకుపోగా వేదిక ఎక్కాను. రెండో భంగిమలో తొడ కండరం పట్టేసింది. ఇద్దరు పట్టుకుని దింపారు. మా తూకం వర్గంలో నాది చిట్టచివరి స్థానం. ఆ తరువాత మూడు వారాల్లో 9 కిలోలు తిరిగి వచ్చాయి. పోయింది కండా కొవ్వూ కలిసి. వచ్చింది దాదాపు అంతా కొవ్వే. ఆనాటి మాస్టరుగారి పేరు చెప్పి ప్రయోజనం లేదు. ఆయన అజ్ఞానమెంతో నా తొందరపాటూ అంతే.

అప్పుడు అర్థం కాని సంగతి ఇప్పుడు ఒక్క మాటలో చెప్పగలను. దేహదారుఢ్య పోటీకి తగ్గవలసింది బరువు కాదు, కొవ్వు. ఈ రెండూ ఒకటేననుకున్నవాడు ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడితో సమానం. ఎలుకలు పోయే మాట నిజమే. ఇల్లు కూడా పోతుంది. కొన్ని ఎలుకలు మాత్రం ఎలాగో తప్పించుకుంటాయి.

ఇక ‘ఆరు వారాల’ లెక్క సంగతి చూద్దాం. శాస్త్రం దాకా పోనక్కరలేదు, ఎక్కాలు చాలు. మావాడి బరువు 74 కిలోలు. అందులో కొవ్వు సుమారు 18 శాతం, అంటే 13 కిలోల పైచిలుకు. మిగతా దాదాపు 61 కిలోలూ కండ, ఎముక, నీరు, అవయవాలు. ఆ 61 కిలోలనూ ముట్టుకోకుండా కొవ్వును 6 శాతానికి తేవాలంటే బరువు 65 కిలోలకు దగ్గరగా రావాలి. తగ్గవలసింది తొమ్మిది కిలోల పైచిలుకు కొవ్వు. కిలో కొవ్వులో ఉండే శక్తి ఇంచుమించు 7,700 కెలోరీలు. ఇది ఆరు వారాల్లో కరగాలంటే రోజుకు 1,700 కెలోరీల లోటు ఉండాలి. వాడు రోజుకు ఖర్చు చేసేది 2,500. అంటే తినడానికి మిగిలేది 700 నుంచి 800! మాస్టరుగారి చార్టు ఆ మిగిలినదాన్ని కూడా పూర్తిగా ఇవ్వలేదు; నేను కట్టిన లెక్కకు 600 దగ్గర ఆగింది. మూడేళ్ళ పిల్లవాడికైనా చాలని తిండితో, వంద కిలోల ఇనుము ఎత్తే యువకుణ్ణి రెండు గంటలు నడిపిస్తారట.

“కొవ్వు దండిగా ఉంది కదా, శరీరం దాన్ని వాడుకోదా?” అంటారేమో. వాడుకుంటుంది, తన చేతనైనంత వేగంతోనే. ఆపైన లోటు పడితే చేతికందిన కండను కరిగించుకుంటుంది. శరీరానికి మాంసకృత్తులను కొవ్వులా మూటగట్టి దాచుకునే వేరే కొట్టుగది లేదు. కండే దాని కొట్టుగది. ఆకలి ముంచుకొచ్చినప్పుడు తలుపు తీసేది ఆ గదికే. పైగా బరువులెత్తడం సగానికి తగ్గించారు కాబట్టి, ‘ఈ కండతో ఇక పనిలేదు కాబోలు’ అని శరీరం నిశ్చింతగా ఖర్చు పెట్టేస్తుంది.

ఇది నా ఊహ కాదు. నార్వేలో ఇనా గార్తె బృందం 2011లో క్రీడాకారులను రెండు జట్లుగా చేసి చూసింది. ఒక జట్టు వారానికి తమ బరువులో 0.7 శాతం చొప్పున నిదానంగా తగ్గింది, రెండో జట్టు 1.4 శాతం చొప్పున వేగంగా. ఇద్దరూ బరువులెత్తారు. నిదానంగా తగ్గినవారికి కొవ్వు పోవడమే కాక కొవ్వు కాని దేహభాగం 2.1 శాతం పెరిగింది. వేగంగా తగ్గినవారికి అలాంటి పెరుగుదల లేదు. దేహదారుఢ్య పోటీల మీద ఎరిక్ హెల్మ్స్, అలన్ ఆరగన్, పీటర్ ఫిట్షెన్ 2014లో రాసిన సమీక్ష కూడా వారానికి అర శాతం నుంచి ఒక శాతం మించవద్దంటుంది. మావాడికి అది వారానికి అరకిలో. తొమ్మిదిన్నర కిలోలకు 19 వారాలు. ‘30 రోజుల గ్యారంటీ’ ఇచ్చేవాడు ఈ 19 వారాలను ఎక్కడ దాచాడో అడగండి. మీ కండలో దాచాడు.

రెండో సంగతి తిండి. పోషకాహారం గురించి మాట్లాడేటప్పుడు మనకు పరదేశపు పుస్తకాలే దిక్కు కానక్కరలేదు. 1918లో కూనూరులో పుట్టి 1958లో మన ఊరికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. మామూలు పెద్దమనిషికి దేహబరువులో ప్రతి కిలోకూ రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని 2020లో అది లెక్క చెప్పింది. ఆ లెక్క సరైనదే. కాని అది కడుపునిండా తింటూ సాధారణంగా బతికేవాడి లెక్క. ఒకపక్క తిండి తగ్గించుకుంటూ మరోపక్క ఇనుము ఎత్తేవాడికి అది చాలదు. పైన చెప్పిన 2014 సమీక్ష, కొవ్వు తీసేసిన బరువులో కిలోకు 2.3 నుంచి 3.1 గ్రాములు కావాలంటుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2016లో 40 మంది యువకులకు నాలుగు వారాల పాటు 40 శాతం తిండి తగ్గించి, కఠినమైన వ్యాయామం చేయించారు. కిలోకు 1.2 గ్రాములు తిన్నవారి కండ ఉన్నచోటనే ఉండి, కొవ్వు 3.5 కిలోలు పోయింది. 2.4 గ్రాములు తిన్నవారికి కొవ్వు 4.8 కిలోలు పోయి, కొవ్వు కాని దేహభాగం 1.2 కిలోలు పెరిగింది. ఇద్దరికీ తిండి కొరత ఒకటే, వ్యాయామం ఒకటే. తేడా పళ్ళెంలో ఉంది.

మావాడి లెక్కకు రోజుకు 140, 150 గ్రాములు. “అంత తినాలంటే డబ్బా పొడి తప్పదు కదా మావయ్యా” అన్నాడు. తప్పుతుంది. తెలుగువాడి వంటింట్లోనే ఉంది దారి. పొద్దున 50 గ్రాముల పెసలతో పెసరట్టు, మూడు గుడ్లు, పచ్చసొనతో సహా. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యపు అన్నం, 40 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల కోడికూర, ఆకుకూర, గిన్నెడు పెరుగు. సాయంత్రం 40 గ్రాముల మీల్‌మేకరు వేపుడు. రాత్రి జొన్నరొట్టె, 150 గ్రాముల చేపల పులుసు. రోజంతటికీ మూడు చెంచాల నూనె, ఒక పండు. ఇదంతా కలిపితే మాంసకృత్తులు 150 గ్రాములకు అటూ ఇటూ, కెలోరీలు 1,950 దరిదాపు. రోజుకు 550 లోటు, వారానికి అరకిలో కొవ్వు. దీన్ని ఆకలి చావు అనరు. దీనికి ఒక త్రాసు కావాలి, ఒక చిన్న నోటుపుస్తకం కావాలి, వండిపెట్టే ఇంటివాళ్ళ ఓపిక కావాలి. ‘గ్యారంటీ’ అక్కరలేదు.

డబ్బా పొడి విషమని నేననను. నాణ్యమైనదైతే అది పాలను విరగ్గొట్టినప్పుడు దిగే తేటనుంచి తీసినదే. శాకాహారులకు వెసులుబాటు కూడా. కాని కండ పెంచుకోవడానికి ఆ పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో సామాన్య ప్రజలకు చెప్పింది. పప్పూ గుడ్డూ మానేసి అప్పుచేసి డబ్బాలు కొనే కుర్రవాళ్ళను రోజూ చూస్తున్న నాకు ఆ మాటలో తప్పు కనబడదు.

మూడో సంగతి బరువులు. ‘కటింగులో తేలిక బరువులు ఎక్కువసార్లు ఎత్తాలి, అప్పుడు గీతలు తేలతాయి’ అన్న సూత్రం చందానగర్ నుంచి చార్మినారు దాకా ప్రతి వ్యాయామశాలలోనూ చెలామణీ అవుతోంది. గీతలు తేలేది పైనున్న కొవ్వు పలచబడినప్పుడు. ఆ పని వంటింట్లో జరుగుతుంది. వ్యాయామశాలలో జరగవలసిన పని వేరు: ‘ఈ కండ నాకు ఇంకా కావాలి’ అని శరీరానికి రోజూ గుర్తుచేయడం. ఏ బరువు ఎత్తి ఆ కండను సంపాదించావో, ఇంచుమించు ఆ బరువు ఎత్తితేనే అది నిలుస్తుంది. సెట్ల సంఖ్య కొంత తగ్గితే తగ్గనీ, కడ్డీ మీది బరువు తగ్గనీయకు అని మావాడికి చెప్పాను. నోటుపుస్తకంలో దేహం బరువు పక్కనే ఎత్తిన బరువూ రాయిస్తున్నాను. మొదటిది దిగుతూ రెండోది నిలబడి ఉంటే పోతున్నది కొవ్వు. రెండూ కలిసి జారుతుంటే పోతున్నది ఇల్లు.

నాలుగో సంగతి నిద్ర. మన సైబరాబాదుకు ఇది మరీ దగ్గరి సంగతి. షికాగో విశ్వవిద్యాలయంలో 2010లో పదిమంది స్థూలకాయులకు ఒకే తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలూ, మరో రెండు వారాలు ఐదున్నర గంటలూ పడకకు సమయమిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు ఒకటే, సుమారు 3 కిలోలు. కాని బాగా నిద్రపోయినప్పుడు పోయిన కొవ్వు 1.4 కిలోలు, నిద్ర చాలనప్పుడు 0.6 కిలోలే. మిగతాదంతా కొవ్వు కాని భాగం. రాత్రంతా తెర ముందు కూర్చుని, తెల్లవారి బస్సులో కునికి, పగలు నాలుగు గంటలు పడుకుని లేచే కుర్రాడికి ఏ మాస్టరైనా ముందు అడగవలసిన ప్రశ్న ‘ఎన్ని గంటలు నిద్రపోతావు నాయనా?’ అన్నది. మావాడి చార్టులో ఆ ప్రశ్న లేదు. ఇంజెక్షను పేరు మాత్రం ఉంది.

ఆ అడుగు గీతల గురించి కూడా చెప్పాలి. శస్త్రచికిత్స బల్ల మీద రోగి రక్తపోటు పడిపోయినప్పుడు దాన్ని నిలబెట్టడానికి వైద్యులు వాడే మెఫెంటర్మిన్ అనే మందును, వ్యాయామశాలల్లో ‘ఊపు’ కోసం పొడిపించుకుంటున్నారు. హైదరాబాదులో ఈ ఇంజెక్షన్లు అక్రమంగా అమ్మేవారిని పోలీసులు పట్టుకున్న వార్తలు ఇటీవలి సంవత్సరాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఇక ఆ మాత్ర ఒంట్లోని నీటిని మూత్రంగా తోడేసే రకం. గుండెజబ్బు వారికి వైద్యుడి పర్యవేక్షణలో ఇవ్వవలసిన దానిని, దాహంతో ఉన్న ఆరోగ్యవంతుడికి ఇస్తే ఒంటిలోని ఉప్పుల సమతౌల్యం తప్పుతుంది, దానితోపాటు గుండె లయా తప్పవచ్చు. 1992లో మహమ్మద్ బెనజీజా ఒక పోటీ ముగిసిన కొద్ది గంటల్లో చనిపోయాడు. 1996లో, చర్మం కింద కొవ్వన్నదే లేదని ప్రపంచమంతా చెప్పుకున్న ఆండ్రియాస్ మున్జర్ 31 ఏళ్ళకే పోయాడు. ఆ ఇద్దరి మరణాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ నీరు తోడే మందుల మాట వస్తూనే ఉంది. వారిద్దరూ జగజ్జెట్టీలు. మన వీధి చివరి కుర్రాడు ఎంతటివాడు?

పోనీ, నీళ్ళు మానేస్తే ఫలితమైనా ఉందా? కండలో మూడు వంతులు నీరే. కండలో నిలవ ఉండే ప్రతి గ్రాము పిండిపదార్థమూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నమూ నీళ్ళూ ఉప్పూ మూడూ ఆపితే కండ గాలి తీసిన బంతిలా చప్పబడిపోతుంది. ఆనాడు వేదిక మీద నా గతి అదే. తూకం తప్పితే ఆటే పోయే కుస్తీలో దీనికి ఒక దిక్కులేని కారణమైనా ఉంది. 2024 ఆగస్టు 7న పారిస్‌లో వినేశ్ ఫోగట్ 100 గ్రాముల తేడాతో ఫైనల్ పోగొట్టుకున్నప్పుడు దేశమంతా బాధపడింది. ఆ రాత్రంతా ఆమె పడిన యాతన మనం చదివాం. కాని దేహదారుఢ్యంలో తూకం వర్గాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. మార్కులు వేసేది న్యాయనిర్ణేతల కళ్ళు. ఆ కళ్ళకు చూపవలసిన కండను చేజేతులా ఎండగట్టుకోవడం ఏ రకం తెలివి?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. “మా మాస్టరు ఇలాగే చేసి కప్పులు గెలిచాడు. నువ్వు చివరివాడివి. ఎవరి మాట వినాలి?” న్యాయమైన ప్రశ్నే. జవాబు కొంచెం చేదుగా ఉంటుంది. కృత్రిమ హార్మోనులు ఎక్కించుకున్నవాడు తిండి మాడ్చుకున్నా, అతడి కండను ఆ మందు కాపలా కాస్తుంది. అతడి చార్టులో రాసి ఉన్నది తెల్లసొన. రాయనిది ఆ మందు. రాసినదాన్ని మాత్రమే నమ్మి పాటించినవాడు కండ పోగొట్టుకుని, ‘నాలో పట్టుదల చాలలేదు’ అని తననే తిట్టుకుంటాడు. రాయని భాగం కూడా తెలిసినవాడు సూదికి చెయ్యి చాపుతాడు. రెండు దారుల్లోనూ మాస్టరుకు ఫీజు ముడుతుంది. కప్పులు గెలిచిన ప్రతివాడూ ఇలాంటివాడేనని నేననడం లేదు. నిజాయితీగా సాధించినవారి ముందు చేతులు జోడిస్తాను. అయితే ఆ నిజాయితీపరులెవరూ 30 రోజుల గ్యారంటీ ఇవ్వగా నేను చూడలేదు.

మరోవైపు నుంచి మా పెద్దలు. “అన్ని గుడ్లా? మూత్రపిండాలు పాడవుతాయి. లంఖణం పరమౌషధం అన్నారు కదా, నాలుగు రోజులు పస్తుంటే కొవ్వు అదే పోతుంది” అని మా అక్కయ్య ఫోనులో ఒకటే గొడవ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు, అందులో సందేహం లేదు. ఆరోగ్యవంతులకు ఈ మోతాదులో హాని జరుగుతుందని మాత్రం రుజువు కాలేదు. లంఖణం జ్వరానికి మందేమో గాని కండకు కాదు. మా పార్వతీపురం వైపు ఏ ముసలమ్మనడిగినా, పక్కనున్న వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తినాయుడి కథలు చెబుతుంది. రొమ్ము మీద ఏనుగును నిలిపిన ఆ కలియుగ భీముడు శాకాహారి. శాకాహారే గాని ఉపవాసి కాదు. ఆయన వ్యాయామం నేర్పిన విజయనగరంలోనే ఉండి గురజాడ తన దేశభక్తి గేయంలో తిండికీ కండకీ ముడిపెట్టాడు. వందేళ్ళు దాటినా మనం ఆ ముడి విప్పే పనిలోనే ఉన్నాం.

ఇంకొక నిజం ఒప్పుకోకపోతే నా వాదనకూ ఆ ప్రకటనకూ తేడా ఉండదు. ఎంత పద్ధతిగా తగ్గినా పోటీ నాటి దేహం ఆరోగ్యానికి గుర్తు కాదు. మందులు వాడని ఒక పోటీదారుణ్ణి ఏడాది పాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. పోటీకి ముందు ఆరు నెలల్లో అతడి కొవ్వు 14.8 శాతం నుంచి 4.5 శాతానికి దిగింది. నిమిషానికి 53 సార్లు కొట్టుకునే గుండె 27కు దిగింది. పురుష హార్మోను నాలుగో వంతుకు పడిపోయింది. పోటీ తరువాతి నెలల్లో తిండి పెరిగాక ఇవి కోలుకున్నాయి. అంటే ఆ శిఖరం మీద ఒక పూట నిలబడి దిగిరావాలి, అక్కడ కాపురం పెట్టకూడదు. 2007లో ‘దేశముదురు’ వచ్చి తెలుగు కుర్రకారుకు ఆరు పలకల మోజు పట్టించిన నాటినుంచి, ఏడాది పొడుగునా పలకలు తేలి ఉండాలనుకునే భ్రమ ఒకటి మనలో పాతుకుపోయింది. తెర మీది కథానాయకుడికి వంటవాడుంటాడు, శిక్షకుడుంటాడు, దీపాలమర్చేవాడుంటాడు. మనకు పొద్దున తొమ్మిదింటికి కంపెనీ బస్సు ఉంటుంది.

‘పోటీలూ గీటీలూ మాకెందుకు?’ అనే పాఠకులు ఇంతవరకూ ఓపికగా చదివి ఉంటే, వారికీ ఒక మాట. పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో ‘లాన్సెట్’ పత్రికలో వేసుకున్నారు. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇద్దరికీ 22.3 ఒకటే. కాని యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనబడుతూనే కండ తక్కువా కొవ్వు ఎక్కువా ఉండడం మనవారిలో మామూలు. తిన్న అన్నంలోని చక్కెరను అధికభాగం ఇముడ్చుకోవలసింది కండ. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. అసలే కండ కరువైన జాతి, పెళ్ళికి ముందు నెలలో పది కిలోలు తగ్గే ప్యాకేజీలకు ఎగబడి ఉన్న కండనూ కరిగించుకుంటే, నలభై దాటాక ఆ లెక్క తీర్చుకోవలసింది మధుమేహ వైద్యుడి దగ్గరే. కొవ్వు తగ్గాలి, కండ నిలవాలి అన్న సూత్రం వేదిక ఎక్కేవాడికెంత అవసరమో, గంగారం చెరువు పక్కన సాయంత్రం నడిచే పెద్దమనిషికీ అంతే అవసరం.

ఇంతకీ మావాడి సంగతి. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. “నీకు కుదరలేదని నన్నూ ఆపుతున్నావు” అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. అందులో కొంత నిజముందేమోనని నన్ను నేను తరచి చూసుకున్నాను. అందుకే ఆపలేదు. నా పాత ఫొటోలు రెండు తీసి చూపించాను, ఒకటి చార్టుకు ముందు, ఒకటి వేదిక మీద. చాలాసేపు చూసి, “ఇందులో నువ్వే చిన్నవాడిలా ఉన్నావేంటి మావయ్యా” అన్నాడు వేదిక మీది ఫొటో పట్టుకుని. చిన్నవాడిలా కాదురా, చిక్కిపోయి ఉన్నాను అన్నాను. ఆ వచ్చే పోటీకి పేరివ్వలేదు. ఆ తరువాతి దానికి సిద్ధమవుతున్నాడు. పగటిపూట షిఫ్టు కోసం అర్జీ పెట్టుకున్నాడు, ఇంకా జవాబు రాలేదు.

ఇవాళ్టికి పదకొండో వారం. 74 కిలోలు 68.8కి దిగింది. గుంజీల బరువు మొదటి వారం 110 కిలోలు, మొన్న శనివారం కూడా 110. పోటీలో ఏ స్థానం వస్తుందో నాకు తెలియదు, ఆఖరి స్థానమే రావచ్చు. వస్తే ఇద్దరం కలిసి బిర్యానీ తిని ఇంటికొస్తాం. ఆ నాలుగు మడతల కాగితం మాత్రం నా బల్ల సొరుగులో భద్రంగా ఉంది. 30 రోజుల గ్యారంటీ ఇచ్చే మహాశయులెవరైనా వచ్చి, అందులో నిద్రకు ఎన్ని గంటలు రాశారో, ఆ ఇంజెక్షను ఏ వైద్యుడు రాశాడో చూపిస్తే, ఈ రాసిందంతా వెనక్కి తీసుకుంటాను.